గోడ సూచిక

ఆ మెట్ల మీద సలోమి కంటే ముందు పంతొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. వెనక ఎంతమంది ఉన్నారో ఆమె తిరిగి చూడలేదు. లైప్‌జిగ్‌లో అద్దె ఇల్లు చూడటానికి వెళ్లడమంటే ముందుగా మెట్ల మీద నిలబడటమే. అందరి చేతుల్లోనూ ఒకే రకం ప్లాస్టిక్ ఫైళ్లు, వాటిలో ఉద్యోగం కాగితాలు, పాస్‌పోర్టు నకళ్లు, పాత ఇంటి యజమాని రాసిచ్చిన మంచి మాటలు. లోపలికి వెళ్లినవాళ్లు అయిదు నిమిషాల్లో బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా కిందికి దిగిపోతుంటారు.

సలోమికీ, ఆమె భర్త దయాకర్‌కూ అది ఇరవై మూడో ఇల్లు. తొమ్మిదేళ్లుగా వాళ్లుంటున్న భవనాన్ని పడగొట్టబోతున్నారు. జూన్ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఆ దేశంలో చిరునామా లేకపోతే మనిషి లేనట్టే. వీసా పొడిగింపు దగ్గర్నుంచి పిల్ల బడి వరకూ ప్రతిదానికీ ఊరి కచేరీలో నమోదైన చిరునామా కావాలి. దయాకర్ అక్కడి పెద్దాసుపత్రిలో నర్సు. సలోమి విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త. ఇద్దరికీ మంచి ఉద్యోగాలే. అయినా ఇల్లు ఎందుకు దొరకడం లేదో ఇద్దరికీ అర్థం కావడం లేదు.

వాళ్ల వంతు వచ్చింది. గుమ్మానికి లోపలివైపు తెల్లటి ప్లాస్టిక్ చట్రం ఒకటి బిగించి ఉంది. అందులోంచి నడిచి లోపలికి వెళ్లాలి. అలాంటి చట్రాలు అంతకుముందు కొన్ని ఇళ్లలో దాటారు గాని, మెట్ల మీది సందడిలో వాటి చప్పుడు ఆమె చెవిన పడలేదు. సలోమి అందులో కాలు పెట్టగానే చట్రంలోని చిన్న ఫ్యాను గాలి పీల్చింది. మొదటిసారి పొట్టిగా, రెండోసారి పొడుగ్గా.

ఆమె అక్కడే ఆగిపోయింది. దయాకర్ వెనకనుంచి మెల్లగా భుజం తట్టాడు. అయినా ఆమె కదల్లేదు. ఆ రెండు శ్వాసలు ఆమెకు తెలుసు. ముందు మనిషి వదిలిన గాలి కడిగెయ్యడానికి మొదటిది, ఈ మనిషి గాలిని చదవడానికి రెండోది. ఆరేళ్ల కిందట ప్రయోగశాలలో ఆ లెక్క కుదిర్చింది తనే.

ఇల్లు చూపించే ఏజెంటు లిండ్నర్ అనే కుర్రాడు. మర్యాదస్తుడు. చేతిలో ఫోను చూసుకుని, గదులన్నీ ఓపిగ్గా చూపించి, సంగతి తర్వాత తెలియజేస్తామన్నాడు. ఆ చట్రం ఏమిటని సలోమి అడిగింది. గోడల కోసం అన్నాడతను. ఈ మనుషులు మూడేళ్లుంటే ఇంటి గోడలు ఎంత వాసన పీల్చుకుంటాయో ముందుగానే చెబుతుందట. దాన్ని గోడ సూచిక అంటారట. నలభై లోపు ఉంటే యజమానికి బెంగ లేదు.

మాకెంత వచ్చిందని ఆమె అడిగింది. లిండ్నర్ కాసేపు తటపటాయించి ఫోను ఆమె వైపు తిప్పాడు. డెబ్భై ఒకటి.

"ఇది మీ గురించి కాదండీ, గోడల గురించి మాత్రమే," అన్నాడు.

ఆ యంత్రానికి ప్రయోగశాలలో అందరూ పెట్టుకున్న ముద్దుపేరు నాజే. జర్మన్‌లో ముక్కు అని. పాత ఇళ్ల గోడల్లో కంటికి కనపడకుండా బూజు పడుతుంది. ఆ గదుల్లో పడుకునే పిల్లలకు ఉబ్బసం వస్తుంది. గోడ పగలగొట్టకుండా ఆ బూజును పట్టుకోవాలన్నది ప్రొఫెసర్ హార్ట్‌మన్ కల. గది గాలిని నిమిషం సేపు పీల్చి, అందులోని వేల రకాల అణువుల్ని విడదీసి, ఏ గోడలో ఏ బూజు ఉందో చెప్పే యంత్రాన్ని ఆయనా సలోమీ కలిసి తయారుచేశారు. ఊళ్లోని పిల్లల ఊపిరితిత్తుల క్లినిక్ ఇప్పటికే దాని మీద ఆధారపడింది. బూజు ఇళ్లలోంచి బయటపడి కోలుకున్న పిల్లల ఫొటోలు ప్రయోగశాల గోడ నిండా ఉన్నాయి.

బూజు వాసన తెలియాలంటే ముందు బూజు లేని మామూలు ఇంటి వాసన ఏదో యంత్రానికి తెలియాలి. అందుకని సలోమి నాలుగు వందల ఇళ్లు తిరిగి గాజు గొట్టాల్లో గాలి పట్టింది. కాఫీ, వెన్న, వేయించిన ఉల్లిపాయ, కుక్క, పైపు పొగాకు, పులిసిన క్యాబేజీ. ఇవన్నీ కలిపి 'సాధారణ గృహం' అని ఒక పట్టిక తయారుచేసింది. ఆ పట్టికలో లేనివీ, బూజు కానివీ ఏవైనా వస్తే వాటిని పడెయ్యడానికి చివర్లో ఒక గడి పెట్టి, దానికి 'ఇతరం' అని పేరు రాసింది.

సోమవారం పొద్దున్నే ఆమె, నాజేని తయారుచేసి అమ్ముకోవడానికి ఒక కంపెనీకిచ్చిన లైసెన్సు కాగితాలు తెప్పించుకుని చదివింది. యంత్రాన్ని ఇళ్ల తనిఖీకి వాడుకుంటామని అందులో ఉంది. తనిఖీ అంటే బూజే అనుకుని అందరూ సంతకాలు పెట్టారు. కంపెనీవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఇతరం గడిలో ఎంత చేరుతుందో దాన్నే వందకు లెక్కగట్టి గోడ సూచిక అని పేరు పెట్టారు, అంతే. మెంతులు, ఇంగువ, ఆవనూనె, ఎండుచేపలు, తలకు రాసుకునే కొబ్బరినూనె, సాంబ్రాణి. మనిషి కోటుకీ జుట్టుకీ అంటిన ఏ వాసనైనా ఆ నాలుగు వందల ఇళ్లలో లేకపోతే ఇతరమే.

ఏ దేశస్థులని అడగకూడదు, ఏ మతమని అడగకూడదు. అడిగితే చట్టం ఒప్పుకోదు. నాజే ఏమీ అడగదు. రెండుసార్లు ఊపిరి పీల్చుకుంటుంది.

ఆమె వెళ్లి హార్ట్‌మన్ ముందు కాగితాలు పెట్టింది. అరవై దాటిన మనిషి. ఆమెను ఈ దేశానికి పిలిపించిందీ, పిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రికి తన కారులో తీసుకెళ్లిందీ ఆయనే. చాలాసేపు చదివాడు. తనకీ తెలియదన్నాడు. ఆమె నమ్మింది. ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతే ఆమెకు మింగుడుపడలేదు. ఏడాదికోసారి సాధారణ గృహం పట్టిక సరిగ్గానే ఉందని దాన్ని రాసిన శాస్త్రవేత్త సంతకం చేస్తేనే నాజేకి ప్రమాణపత్రం నిలుస్తుంది. ఈ ఏడాది సంతకం మే నెలలో పెట్టాలి. క్లినిక్‌కీ, కంపెనీకీ కలిపి ఒకటే పత్రం.

"నువ్వు పెట్టకపోతే క్లినిక్‌లో కూడా యంత్రం ఆగిపోతుంది సలోమీ. ఇక్కడ పదకొండుమంది పని పోతుంది. కోపంలో నిర్ణయం తీసుకోవద్దు," అన్నాడు హార్ట్‌మన్.

రెండు వారాల తర్వాత కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. జరిగినదానికి ఎంతో నొచ్చుకుంది. డాక్టర్ సలోమి కుటుంబాన్ని సూచిక నుంచి మినహాయిస్తామంది. నదికి దగ్గర్లో మూడు గదుల ఇల్లొకటి వాళ్ల చేతిలో ఉందట, వచ్చే వారమే తాళాలు ఇవ్వగలరట. సలోమి ఆలోచించుకుంటానని చెప్పి ఇంటికొచ్చింది.

ఇంట్లో అప్పటికి పద్నాలుగు రోజులుగా పథ్యం నడుస్తోంది. ఆ చట్రం సంగతి ఊళ్లోని వలస కుటుంబాలకు ఆమె కంటే ముందే తెలుసని దయాకర్ ఆసుపత్రిలో కనుక్కొచ్చాడు. ఇల్లు చూడటానికి వెళ్లే ముందు రెండు వారాలు పోపు పెట్టరు. ఉడకబెట్టిన బంగాళాదుంప, రొట్టె తింటారు. కోట్లు మూతబిగించిన సంచుల్లో దాస్తారు. జుట్టుకి ఒక రకం పౌడరు రాసుకుంటారు. దయాకర్ పచ్చళ్ల జాడీలు, కారప్పొడి, ఎండురొయ్యల డబ్బా తీసుకెళ్లి కింద నేలమాళిగలో పెట్టి తాళం వేశాడు. అతనిది గొడవ పెట్టుకునే స్వభావం కాదు. ఇల్లు దొరికాక మన వంట మనం వండుకోవచ్చుగా అన్నాడు.

సలోమి తల్లి దీవెనమ్మ చీరాల నుంచి వచ్చి ఉంది. అల్లుడు జాడీలు మోసుకుపోతుంటే తలుపు తీసి పట్టుకుంది. రెండు వారాలుగా ఆమె ఉప్పు వేసిన బంగాళాదుంపలు మందు మింగినట్టు మింగుతోంది.

ఆ సాయంత్రం సలోమి చెప్పులు విప్పుతూ ఉండగా కూతురు హన్నా బడికి వేసుకెళ్లే స్వెటరు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి కనిపించింది. తొమ్మిదేళ్ల పిల్ల. చేతి మడత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటోంది. ఒక చెయ్యి చూసి, రెండో చెయ్యి చూసింది. తర్వాత జడ ముందుకు లాక్కుని అదీ చూసింది. ఏం చేస్తున్నావని సలోమి అడిగితే, రేపు కూడా ఇదే వేసుకోవచ్చా అని చూస్తున్నానంది. ఎప్పట్నుంచి చూస్తున్నావంటే, జాడీలు కిందకెళ్లినప్పట్నుంచీ అంది.

సలోమి వంటింట్లోకెళ్లి స్టూలు మీద కూర్చుంది. తల్లికి అంతా చెప్పింది. యంత్రం సంగతి, తను రాసిన పట్టిక సంగతి, నది దగ్గర ఇల్లు, క్లినిక్ పిల్లలు. దీవెనమ్మ చదువుకున్నది అయిదో తరగతి. మిషను ఆసుపత్రిలో ఆయాగా ముప్పై ఏళ్లు చేసింది. కూతురు చెప్పిందంతా విని, అయితే మీరేమిటోళ్లు అని అడగతన్నారన్నమాట, నోరు తెరవకుండా, అంది.

ఆ మాటతో సలోమికి చీరాలలో మూడేళ్లు గుర్తొచ్చాయి. మంచి బడి పక్కన ఇల్లు కావాలని దీవెనమ్మ అప్పట్లో ఒక వీధిలో గది తీసుకుంది. ఆ వీధిలో మాంసం తినేవాళ్లకి ఇల్లివ్వరు. దీవెనమ్మ పేరు మార్చి చెప్పింది, మెడలో సిలువ దాచింది. మూడేళ్లు ఆ గదిలో పప్పు, పచ్చడి తప్ప వండలేదు. క్రిస్మసుకి మాత్రం తలుపులూ కిటికీలూ మూసి, గుడ్డలు దూర్చి, కాస్త కూర చేసేది. పొయ్యి మీద గిన్నె పెట్టి, వీధిలోకి పోయి వాసనొస్తందేమో చూసిరా అని సలోమిని పంపేది. ఏడేళ్ల సలోమి వీధి మలుపు దాకా నడిచి, గాలి పీల్చి, ఎక్కడిదాకా వస్తోందో వచ్చి చెప్పేది. వాసనల్ని విడదీసి చదవడం ఆమెకు అక్కడే వచ్చింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు.

"నీ సదువు కోసం దాచానే నేను. దాచినందుకు నాకు సిగ్గు లేదు," అంది దీవెనమ్మ. "కానీ నీకు సదువే కాదు, దాచటం గూడా నేర్పిచ్చానని ఇయ్యాల తెలిసింది. ఆ పిల్ల చెయ్యి వాసన చూసుకుంటంటే చూశావుగా. మూడో తరానికి గూడా నేర్పిద్దామా?"

సలోమి లేచి నేలమాళిగ తాళంచెవి తీసుకుని కిందికి వెళ్లింది. రెండు విడతలుగా జాడీలన్నీ పైకి తెచ్చింది. దయాకర్ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా పోపు వాసన. అతను కోపంతో, పద్నాలుగు రోజుల కష్టం గంగలో కలిసిందన్నాడు. ఇంత చదువుకుని ఇల్లు లేకుండా రోడ్డు మీద నిలబడదామా అన్నాడు. ఆ రాత్రి అతను అన్నం తినలేదు. అత్తగారు వడ్డించినా కంచం ముందు నుంచి లేచిపోయాడు.

సంతకం పెట్టకుండా ఊరుకోవడం సలోమికి తేలికే. అప్పుడు కంపెనీ, పత్రాలిచ్చే ప్రమాణాల కమిటీ దగ్గర నియమం సడలించుకుని మరో శాస్త్రవేత్తను తెచ్చుకుంటుంది. ఆ కొత్తవాళ్లు పాత పట్టిక మీదే కళ్లు మూసుకుని సంతకం పెడతారు. పట్టిక తప్పని చూపించాలి. ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఇళ్లు తిరగడం.

ఏప్రిల్ అంతా ఆమె సెలవు పెట్టి తిరిగింది. దయాకర్ ఆసుపత్రిలోని నర్సుల ఇళ్లతో మొదలుపెట్టింది. ఎరిత్రియావాళ్లు, వియత్నాంవాళ్లు, సిరియావాళ్లు, పంజాబీలు, నైజీరియావాళ్లు. ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటికి చెప్పారు. మొదట్లో అందరూ భయపడ్డారు. మా ఇంటి గాలి ఎవరికివ్వాలి, ఎందుకివ్వాలి అన్నారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మీ ఇంటిని లెక్కలోకి తీసుకోకుండా మామూలు ఇల్లంటే ఏమిటో రాసింది నేనే, ఇప్పుడు లెక్కలోకి తీసుకోవడానికి వచ్చాను అంది. చాలామంది నవ్వి, కూర్చోబెట్టి, పొయ్యి మీద గిన్నె మూత తీసి, ఇప్పుడు పట్టుకో అన్నారు. హన్నా బడయ్యాక తల్లి వెంట వచ్చి గాజు గొట్టాల మీద పేర్లు రాసేది. నాలుగు వందల ఇళ్లు పూర్తయ్యేసరికి ఆ పిల్ల పన్నెండు భాషల్లో అన్నం అనే మాట నేర్చుకుంది.

ప్రమాణాల కమిటీ సమావేశం మే పన్నెండున. అధ్యక్షుడు వెర్నర్ అనే రిటైరైన ఇంజినీరు. కంపెనీ తరఫున ముందు వచ్చినావిడే వచ్చింది. హార్ట్‌మన్ ఒక పక్కన కూర్చున్నాడు. సలోమి గది గుమ్మానికి నాజే చట్రం బిగించింది. తన తల్లిని తీసుకొచ్చింది. దీవెనమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, తలకు కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకు పూర్తిగా తెలుసు.

అధికారిక పట్టికతో ముందు దీవెనమ్మ నడిచింది. డెబ్భై ఎనిమిది వచ్చింది. ఆ తర్వాత సలోమి అధ్యక్షుణ్ని నడవమని కోరింది. ఆయన నడిచాడు. తొమ్మిది వచ్చింది. అప్పుడు ఆమె యంత్రంలోంచి పాత పట్టిక తీసేసి, ఏప్రిల్‌లో తిరిగిన నాలుగు వందల ఇళ్ల పట్టిక ఎక్కించింది. మళ్లీ ఇద్దర్నీ నడవమంది. దీవెనమ్మకు ఏడు. అధ్యక్షుడికి ఎనభై మూడు.

వెర్నర్ తన కోటు చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత చెయ్యి గబుక్కున దించేశాడు.

కంపెనీ ఆవిడ లేచి, డాక్టరు గారు తెచ్చిన పట్టిక అధికారికమైనది కాదు కనుక ఈ ప్రదర్శనకు విలువ లేదంది.

"ఆ అధికారిక పట్టిక రాసింది నేనే," అంది సలోమి. "నాలుగు వందల ఇళ్లు తిరిగాను. ఈ ఊళ్లో అప్పటికే వేలకొద్దీ ఉన్న నాలాంటివాళ్ల ఇళ్లలో ఒక్కటీ ఎక్కలేదు. నేనుండే ఇల్లు కూడా ఎక్కలేదు. నేనే ఎక్కించలేదు. ఈ సంఖ్య గోడలది కాదు. ముందు ఎవరి ఇంటికి వెళ్లామో దాని లెక్క. తప్పు నాది. ఆ తప్పు మీద మళ్లీ సంతకం పెట్టను."

రెండు పట్టికలూ కలిపి క్లినిక్‌కి విడిగా, బూజుకి మాత్రమే వాడుకునేలా ఇంకో పత్రం ఇవ్వండి, ఇప్పుడే సంతకం పెడతాను అని కూడా ఆమె చెప్పింది. కమిటీ దానికి ఒప్పుకోలేదు. ఒక యంత్రానికి రెండు పత్రాలు ఇచ్చే పద్ధతి లేదట. కొత్తగా దరఖాస్తు పెట్టుకుంటే ఏడాది పడుతుందట. సంతకం లేదు కనుక నెలాఖరుకి నాజే ప్రమాణపత్రం చెల్లకుండా పోయింది.

తర్వాత జరిగినవి తేలిగ్గా జరగలేదు. లైసెన్సు పోవడంతో ప్రయోగశాలలో ముగ్గురి ఉద్యోగాలు పోయాయి. సలోమిది ఒకటి. రెండోది యానా అనే టెక్నీషియన్‌ది. ఆరేళ్లు పక్కపక్కనే పనిచేశారు. యానా బల్ల సర్దుకుంటూ, నీ వంట కోసం నా పిల్లల తిండి తీసేశావు అంది. సలోమి క్షమించమని అడిగింది. యానా క్షమించలేదు. ఈనాటికీ వాళ్లిద్దరూ మాట్లాడుకోరు.

క్లినిక్‌లో కూడా యంత్రం ఆగిపోయింది. దానికి మాత్రం సలోమి దగ్గర దారి ఉంది. నాజే రాకముందు పద్ధతి ఒకటి ఉండేది. గాలిని గాజు గొట్టాల్లో పట్టి, పెద్ద యంత్రంలో వేసి, వచ్చిన గీతల్ని కూర్చుని కంటితో చదవాలి. నాజే నిమిషంలో చెప్పేది ఆ పద్ధతిలో ఒక రోజు పడుతుంది. ఆమె క్లినిక్ డాక్టరు దగ్గరికెళ్లి, కొత్త పత్రం వచ్చేదాకా ఇళ్లన్నీ నేను చదివిపెడతానంది. పెద్ద యంత్రం వాడుకోవడానికి హార్ట్‌మన్ ఎవరినీ అడక్కుండా తాళంచెవి ఇచ్చాడు. నువ్వు చేసింది సరైనదని ఆయన అనలేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి, ఆమె పక్కన కూర్చుని, సగం గీతలు తను చదివేవాడు.

ఇల్లు మాత్రం దొరకలేదు. ప్రమాణపత్రం లేకపోయినా గుమ్మాల్లోంచి చట్రాలు పోలేదు. యజమాని తన గుమ్మానికి ఏం బిగించుకున్నా అడిగేవాళ్లు లేరు. పత్రం పోయిందని పత్రికల్లో వచ్చింది. అయినా ఏజెంట్లు అలవాటుగా బిగిస్తూనే ఉన్నారు, జనం అలవాటుగా నడుస్తూనే ఉన్నారు.

జూన్ రెండో శనివారం ఇరవై తొమ్మిదో ఇల్లు. ఆ పొద్దున వంటింట్లోంచి చప్పుళ్లు వస్తుంటే సలోమి లేచి చూసింది. దయాకర్ ఎండురొయ్యలు వేయించి వంకాయల్లో వేస్తున్నాడు. అత్తగారు పక్కన నిలబడి ఉప్పు చాలదని చెబుతోంది. ఆ రాత్రి ఇద్దరి మధ్యా ఆగిపోయిన మాటలు మళ్లీ మొదలై వారమే అయింది. ఇవాళ ఇల్లు చూడటానికి వెళ్లాలిగా అని సలోమి గుర్తుచేసింది.

"అందుకే వండుతున్నా," అన్నాడు దయాకర్. "నిన్న వార్డులో కొత్త నర్సు ఒకమ్మాయి చెప్పింది. ఘనా నుంచొచ్చింది. నెల రోజులుగా బ్రెడ్డే తింటోందంట ఇంటి కోసం. కళ్లు తిరిగి పడిపోయింది. సెలైన్ పెట్టింది నేనే. నాకు చాలు సలోమీ."

నలుగురూ తినే బయల్దేరారు.

మెట్ల మీద ముప్పైమంది దాకా ఉన్నారు. గుమ్మంలో తెల్ల చట్రం. లోపల ఫోను పట్టుకుని అదే లిండ్నర్. వాళ్ల వంతు వచ్చింది. సలోమి చట్రానికి ఇవతలే నిలబడింది. రండి అన్నాడు లిండ్నర్. ఆమె కదల్లేదు. అతను మళ్లీ పిలిచాడు.

"ఇందులోంచి నేను నడవను," అంది సలోమి. మెట్ల మీద చివరి మనిషికి వినిపించేంత గట్టిగా, అయితే అరవకుండా. "దీని ప్రమాణపత్రం పోయింది. పోగొట్టింది నేనే. మా గురించి మీకేం తెలుసుకోవాలనుందో నోటితో అడగండి. ఏ దేశం, ఏ దేవుడు, పొద్దున ఏం తిన్నారు, తలకేం రాసుకున్నారు. ఏదడిగినా చెప్తాను. మీరు అడగడం వీళ్లంతా వింటారు."

లిండ్నర్ ఫోను కిందికి దించాడు. అతను అడగలేడు. అడగకూడదని అతనికి తెలుసు. ఇన్నాళ్లూ తన బదులు ఆ చట్రం అడుగుతోందని అతను ఎప్పుడూ అనుకుని ఉండడు. అతని మెడ ఎర్రబడింది. యజమానికి ఫోన్ చేస్తానని గదిలోకి వెళ్లబోయాడు.

వెనకనుంచి చంకలో పసిబిడ్డతో ఉన్న ఒక సిరియా ఆవిడ, నేనూ నడవను అంది. ఆవిడ భర్త కంగారుగా ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి విడిపించుకుంది. ఇంకాస్త కింద ఇద్దరు విద్యార్థులు తామూ నడవమన్నారు. ఆపైన సలోమి ఊహించనిది జరిగింది. అప్పటికే చట్రం దాటి లోపల గదులు చూస్తున్న ఒక జర్మన్ దంపతులు బయటికొచ్చి, మెట్ల మీద అందరి వెనకా పోయి నిలబడ్డారు. వాళ్లకి ఎంత వచ్చి ఉంటుందో సలోమికి తెలుసు. పది లోపే.

ముప్పైమంది నిలబడే ఉన్నారు. ఎవరూ దిగిపోలేదు, ఎవరూ లోపలికి పోలేదు. హన్నా అమ్మమ్మ పక్కన మెట్టు మీద కూర్చుని, జరుగుతున్నదంతా తెలుగులో మెల్లగా చెబుతోంది. లిండ్నర్ కాసేపు ఫోను వంకా, కాసేపు జనం వంకా చూశాడు. చివరికి వంగి గోడలోంచి చట్రం ప్లగ్గు లాగేశాడు. రెండు మరలు విప్పి చట్రాన్ని తీసి, లోపల బాత్రూములో నిలబెట్టి వచ్చాడు.

"రండి," అన్నాడు. ఎవరి మొహమూ చూడలేదు.

ఆ ఇల్లు వాళ్లకు రాలేదు. పసిబిడ్డ ఉన్న సిరియా ఆవిడకు వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ రోజు మెట్ల మీద ఎవరో తీసిన వీడియో ఊరంతా తిరిగింది. తర్వాతి వారాల్లో చాలా మెట్ల మీద జనం చట్రం ముందు ఆగిపోయి, నోటితో అడగండి అన్నారు. కొన్నిచోట్ల తీశారు, కొన్నిచోట్ల అన్నవాళ్లనే బయటికి పంపారు. కేసులు నడుస్తున్నాయి. కొత్త దరఖాస్తులో సలోమి ఎనిమిది వందల ఇళ్ల పట్టిక పెట్టింది. ఇతరం గడి తీసేసింది.

ఇల్లు ఖాళీ చెయ్యడానికి తొమ్మిది రోజులుందనగా నోవాక్ అనే ఆవిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ట్రాం నడిపి రిటైరైన మనిషి. అయిదో అంతస్తు, లిఫ్టు లేదు, వంటిల్లు చిన్నది, చూస్తారా అంది. నలుగురూ వెళ్లారు. గుమ్మంలో ఏ చట్రమూ లేదు. దీవెనమ్మ అయిదు అంతస్తులూ ఆగి ఆగి ఎక్కి, వంటింటి కిటికీ తీసి చూసి, గాలి బాగానే ఆడతందంది.

నోవాక్ ఒప్పందం కాగితాలు బల్ల మీద పెట్టింది. సలోమి ప్రతి పేజీ చదివింది. ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగింది. ఘాటైన వాసన గల వంటలు చేయరాదు. పెన్ను తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు వేసింది. మిగిలింది తొమ్మిది రోజులు.

ఎందుకు కొట్టేశావని నోవాక్ అడిగింది. ఏది ఘాటో రాసి ఇవ్వండి, చదివాక సంతకం పెడతానంది సలోమి. నోవాక్ కళ్లజోడు పెట్టుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఇది ఎప్పట్నుంచి ఉందో నాకూ తెలియదు, లాయరు పెట్టిన కాగితం అంది. పెన్ను అందుకుని, సలోమి గీత మీదే ఇంకో గీత గీసి, పక్కన తనూ పొడి అక్షరాలు వేసింది. తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది.

ఏమంటందే ఆవిడ అని దీవెనమ్మ కూతుర్ని అడిగింది.

"మనిష్టమొచ్చింది వండుకోమందమ్మా," అంది సలోమి.

"మనిష్టానికి ఆవిడ ఒప్పుకునేదేంది," అంది దీవెనమ్మ. "తాళాలు తీసుకో."

సలోమి తాళాలు తీసుకుంది.